గోదావరి వేసవికి నిలిచే కూజా మొక్కలు: ఇంటి పెరట్లో సంకరణ పద్ధతి

మార్టేరు పరిశోధన స్థానంలో వశిష్ట, మషూరి వరి రకాలను సంకరించి తీసిన ఎంటీయూ 7029 రకాన్ని 1982లో స్వర్ణ పేరుతో విడుదల చేశారు. అంబాజీపేటలో ఈస్ట్ కోస్ట్ టాల్ కొబ్బరిని గంగబొండాంతో కలిపి గోదావరి గంగ అనే సంకర రకాన్ని సాధించారు. ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వు కీలాగ్రానికి చేర్చి కొత్త మొక్కను రాబట్టడం మన డెల్టాకు తెలియని విద్య కాదు. పాలకొల్లులో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన వయసులో ఉన్నప్పుడు వరి సంకరణ మడుల్లో కూలికి వెళ్ళేవారు. పుప్పొడి చేతికి తీసుకునే ముందే చీటీ రాసి కాడకు కట్టాలన్న నియమం నాకు ఆయన దగ్గర అలవడింది. ఆ విద్యను కీటకాహార మొక్కల మీద, అందులోనూ ఆకు చివర పెరిగే కూజాలో పురుగులను పట్టే కూజా మొక్కల మీద ప్రయోగించదలచిన ఇంటి పెంపకందారుల కోసం, ముఖ్యంగా కృష్ణా గోదావరి తీరాల వేడిలో, ఉప్పు నీటిలో మొక్కలు పెంచే వారి కోసం ఇది రాస్తున్నాను.

ఈ పనికి దిగేవారు మొదట ఒక విషయం నిశ్చయించుకోవాలి. కూజా ఎంత పెద్దది, చారలు ఎంత ఎర్రనివి అన్న చూపుతో తల్లిదండ్రులను ఎంచుకుంటే, పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం మన రోహిణి కార్తెలో కూజాలు కట్టడం మానేస్తాయి. వడగాలి వీచే ఆ రెండు వారాల్లో కొత్త ఆకు చివర కూజా కట్టగల మొక్కను సాధించడమే ఇక్కడి సంకరణకు తగిన లక్ష్యమని నా అభిప్రాయం. అందానికి రెండవ స్థానం ఇవ్వండి.

తల్లిదండ్రుల ఎంపిక

ఆ లక్ష్యంతో చూస్తే కొన్ని జాతులను మొదటే పక్కన పెట్టవలసి వస్తుంది. ఉత్తర అమెరికాకు చెందిన గరాటు కూజాల సారసీనియా, పురుగు తాకితే ఆకు మూసుకునే వీనస్ ఫ్లైట్రాప్ మొక్కలకు ఏటా మూడు నాలుగు నెలల చలి నిద్ర అవసరం. మన పుష్య మాసపు రాత్రులు ఆ నిద్రకు చాలినంత చల్లగా ఉండవు. సారసీనియా జాతులన్నీ ఒకదానితో ఒకటి సులభంగా కలుస్తాయి, వాటి సంకరాలు కూడా గింజ కడతాయి, కాబట్టి చలి దేశాల పెంపకందారులు వాటినే ఎక్కువగా సంకరిస్తారు. వారి అనుభవాన్ని చదివి ఆనందించవచ్చు గానీ, ఆ మొక్కలను తెచ్చి ఇక్కడ రెండేళ్ళలో పోగొట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ మనం ప్రధానంగా చెప్పుకునే కూజా మొక్కలు నెపెంథెస్. ఆ జాతుల్లో కూడా బోర్నియోలోని కినబాలు వంటి ఎత్తైన కొండల మీద పెరిగేవి చల్లని రాత్రులను కోరుతాయి. అవీ మనకు పనికిరావు.

మనకు తగినవి పల్లపు ప్రాంతాల నెపెంథెస్ జాతులు. దక్షిణ చైనా నుంచి ఆస్ట్రేలియా వరకు విస్తరించిన మిరాబిలిస్, ఆగ్నేయాసియా పల్లపు అడవుల రఫ్లేసియానా, గ్రాసిలిస్, ఆంపుల్లేరియా, మూత కింద రెండు కోరల వంటి ముళ్ళున్న బోర్నియో జాతి బైకాల్కరేటా ఈ కోవలోనివి. వీటిలో ఆంపుల్లేరియాను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దాని కూజాలు నేల మీద గుంపుగా, గుండ్రంగా, మూత వెనక్కి విరిచి కూర్చుంటాయి, అడవిలో పురుగులతో పాటు పైనుంచి రాలిన ఆకులను కూడా పట్టి జీర్ణం చేసుకుంటాయి. దానితో సంకరించిన పిల్లల్లో ఆ గుండ్రని ఆకృతి స్పష్టంగా కనిపిస్తుంది. రఫ్లేసియానా, ఆంపుల్లేరియా జాతులు అడవిలో తమంతట తామే కలిసి హుకెరియానా అనే సహజ సంకరాన్ని ఇచ్చాయి. మొదటి ప్రయత్నానికి ఈ జంటను మించినది లేదు, ఎందుకంటే ఇద్దరూ వేడి ప్రాంతాలవారే, పిల్లలు ఎలా ఉండాలో ముందే తెలుసు.

కడియం, కడియపులంక నర్సరీల్లో వేలాడే కుండీల్లో అమ్మే కూజా మొక్కల్లో నేను ఎక్కువగా చూసినది వెంట్రాటా. అది ఫిలిప్పీన్స్ జాతుల నుంచి వచ్చిన సంకరం, గట్టి మొక్క. దాన్ని తల్లిగానో తండ్రిగానో వాడుకోవచ్చు, కానీ అది స్వయంగా సంకరం కాబట్టి దాని పిల్లలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా పుడతాయి. శుద్ధ జాతుల జంటలో పిల్లలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. సంకర జంటలో ఏరుకోవడానికి అవకాశం ఎక్కువ, అందుకు తగ్గట్టు ఎక్కువ పిల్లలను పెంచవలసి వస్తుంది.

మేఘాలయలో మాత్రమే సహజంగా పెరిగే మన దేశపు ఏకైక నెపెంథెస్ జాతి ఖాసియానాను, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దానికి రక్షణ ఇస్తుంది. నర్సరీలో గింజతోనో కొమ్మతోనో పెంచిన మొక్కను తప్ప, అడవి నుంచి పెకలించి తెచ్చిన దేన్నీ కొనకండి, ఎవరిచేతా తెప్పించకండి.

నీరు, మట్టి

సంకరణ విఫలం కావడానికి మన దగ్గర అన్నింటికన్నా పెద్ద కారణం పుప్పొడి కాదు, నీరు. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టేశాక ఇంటికి వచ్చే నీరు ఇంకా చిక్కనవుతుంది. పెద్ద మొక్క ఆ నీటిని కొంతకాలం ఓర్చుకుంటుంది గానీ, మొలకలు ఓర్చుకోలేవు. నా మొదటి విత్తన పెట్టెలో మొలిచిన మొక్కలన్నీ ఒక ఏప్రిల్ నెలలో, నేను ఊళ్ళో లేనప్పుడు ఇంట్లోవాళ్ళు ప్రేమతో పోసిన బోరు నీటికి ఆకు అంచులు నల్లబడి పోయాయి. అప్పటి నుంచి నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరును దగ్గర పెట్టుకుని, మొలకలకు 50 పీపీఎం దాటని నీటినే పోస్తున్నాను.

వాన నీరే ఉత్తమం. 100 చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 90 లీటర్లు వస్తాయి. తొలకరి మొదటి రెండు వానలు డాబాను కడిగిపోనిచ్చి, ఆ తరువాతి నీటిని మూత ఉన్న డ్రమ్ముల్లోకి పట్టి, దోమలు చొరకుండా సన్నని వల కట్టాలి. వాన నీరు అయిపోయినప్పుడు ఆర్వో నీరు వాడవచ్చు, అయితే రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపిన నీరు కాదని మీటరుతో చూసుకోవాలి. ఏసీ నుంచి కారే నీరు కూడా పనికి వస్తుంది.

మట్టి విషయంలో కోనసీమవారికి ఒక సౌకర్యం, ఒక ప్రమాదం రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి. కొబ్బరి పొట్టు, పీచు ముక్కలు చౌకగా దొరుకుతాయి, నెపెంథెస్ వేళ్ళకు గాలి ఆడేలా ఉంచుతాయి. కానీ వాటిలో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి, ఉప్పుటేరుల దగ్గర నానబెట్టిన పీచులో మరీ ఎక్కువ. వాన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, పిండి, మళ్ళీ కొత్త నీటిలో నానబెడుతూ, పిండిన నీటి టీడీఎస్ 100కు దిగే వరకు కడగాలి. పెద్ద మొక్కలకు పీచు ముక్కలు, పెర్లైట్, కొద్దిగా బొగ్గు చాలు. విత్తనాలకు మాత్రం స్ఫాగ్నమ్ నాచును సన్నగా కత్తిరించి వాడటమే క్షేమం. ఎరువు, చెరువు మట్టి, పశువుల పెంట ఏ రూపంలోనూ కలపకూడదు.

కంకి విచ్చిన రోజు నుంచి

వరిలో సంకరణ చేసేవారు ప్రతి గింజ పువ్వులోని కేసరాలను ముందుగా తీసివేయాలి, లేకపోతే పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. నెపెంథెస్‌లో ఆ శ్రమ లేదు, ఎందుకంటే మగ పువ్వులు ఒక మొక్కకు, ఆడ పువ్వులు మరొక మొక్కకు పూస్తాయి. ఆ సౌలభ్యానికి ప్రతిగా, మొక్క పూసేదాకా అది ఆడదో మగదో తెలియదు. గింజ నుంచి పెరిగిన మొక్క పూయడానికి మూడు నుంచి ఐదేళ్ళు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే మొదలుపెట్టేవారు పూసిన మొక్కనో, ఆడదో మగదో తెలిసిన మొక్క నుంచి తీసిన కొమ్మనో సంపాదించుకోవాలి. కొమ్మతో పెంచిన మొక్క తల్లిమొక్క లింగాన్నే నిలుపుకుంటుంది.

కంకి కింది నుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటుంది. మగ పువ్వులో నాలుగు రేకుల మధ్య నిలువుగా ఒక సన్నని స్తంభం, దాని తలపై పసుపు పొడి కూడిన చిన్న బంతి కనిపిస్తాయి. ఆడ పువ్వులో అదే చోట ఆకుపచ్చని, కోలగా ఉన్న అండాశయం, దాని మీద నాలుగు పాయలుగా విడిన కీలాగ్రం ఉంటాయి. పువ్వులు తేనె కారుస్తాయి, వాసన ఏమంత మంచిది కాదు, ఈగలూ చీమలూ చేరతాయి. ఆ చీమలు ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే ఒకే పందిరి కింద రెండు మూడు మగ మొక్కలు పూస్తే, మీరు ఎంచుకోని పుప్పొడిని అవి లేదా ఈగలు తీసుకురావచ్చు. ఆడ కంకి మొదటి పువ్వు విచ్చుకోకముందే దానికి సన్నని ఆర్గంజా సంచి తొడిగి, మెడ దగ్గర దారంతో బిగించాలి.

పుప్పొడి సేకరణకు వాన లేని రోజు, ఎండ తగిలి మంచు ఆరిన తరువాత ఎనిమిది తొమ్మిది గంటల వేళ అనువైనది. తెల్ల కాగితం మడిచి మగ కంకి కింద పట్టి, కాడను వేలితో సున్నితంగా తట్టితే పసుపు పొడి రాలుతుంది. రాలకపోతే విచ్చిన పువ్వుల తలలను పట్టకారుతో తుంచి కాగితం మీద వేసుకోవచ్చు. ఆ వెంటనే వాడలేని పుప్పొడిని చిన్న కాగితపు పొట్లంలో కట్టి, సిలికా జెల్ ఉన్న గట్టి మూత సీసాలో వేసి, ఫ్రిజ్‌లో ఉంచాలి. డెల్టా గాలిలోని తేమకు పుప్పొడి బయట రెండు మూడు రోజుల్లోనే ముద్దకట్టి చెడిపోతుంది. ఆరబెట్టిన పుప్పొడి ఫ్రిజ్‌లో కొన్ని వారాలు, డీప్ ఫ్రీజర్‌లో కొన్ని నెలలు నిలుస్తుంది. మగ మొక్క రాజమండ్రిలో, ఆడ మొక్క అమలాపురంలో ఉన్నా ఇలా పొట్లం కట్టి పంపుకోవచ్చు. ఒకే ఇంట్లో రెండూ ఒకేసారి పూస్తాయని ఎదురుచూస్తే ఏళ్ళు గడిచిపోతాయి.

ఆడ పువ్వు విచ్చిన మరుసటి రోజో ఆ తరువాతి రోజో కీలాగ్రాన్ని భూతద్దంతో చూడండి. అప్పటిదాకా మసకగా ఉన్న ఆ నాలుగు పాయలు తడి మెరుపుతో, తేనె పూసినట్టు జిగురుగా కనిపిస్తాయి. అదే సమయం. సంచి తీసి, టూత్‌పిక్ కొననో సన్నని కుంచెనో పుప్పొడిలో ముంచి, నాలుగు పాయలకూ పసుపు రంగు కనబడేలా అద్దాలి. రుద్దకూడదు, తాకిస్తే చాలు, జిగురే పట్టుకుంటుంది. మళ్ళీ సంచి తొడగాలి. ఇలా రెండు మూడు రోజులు వరుసగా చేస్తే ఒకసారి తప్పిన పువ్వు మరొకసారి దొరుకుతుంది. ఒకే కంకి మీద ఇద్దరు తండ్రుల పుప్పొడి ప్రయత్నించాలంటే, కింది పువ్వులకు ఒక రంగు దారం, పై పువ్వులకు మరొక రంగు దారం కట్టి, కుంచె కూడా మార్చాలి.

ఇక్కడ చాలామంది చేయని ఒక పని చెబుతాను. ప్రతి కంకిలో నాలుగైదు పువ్వులకు ఏ పుప్పొడీ పెట్టకుండా అదే సంచిలో వదిలేయండి. అవి ఎండి రాలిపోతే మీ సంకరణ శుద్ధమైనదని నమ్మవచ్చు. అవి కూడా గింజ కడితే సంచిలోకి ఎక్కడి నుంచో పుప్పొడి వచ్చిందని అర్థం, ఆ కంకి పిల్లలకు తండ్రి పేరు రాయకూడదు.

చీటీలో ముందు తల్లి పేరు, తరువాత గుణకార చిహ్నం, ఆపైన తండ్రి పేరు, తేదీ రాయాలి. మార్కర్ ఇంకు మన ఎండకు ఒక్క వేసవిలో వెలిసిపోతుంది. ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్ రాత ఏళ్ళపాటు నిలుస్తుంది. అదే సమాచారాన్ని ఒక నోటు పుస్తకంలో కూడా రాసుకోవాలి. ఒక కార్తీకంలో వచ్చిన తుఫానుకు నా పందిరి కూలి కుండీలు కలిసిపోయినప్పుడు, రెండేళ్ళ మొలకల్లో సగం ఎవరి పిల్లలో నేను చెప్పగలిగింది పుస్తకంలో గీసుకున్న వరుసల పటం వల్లనే.

కాయ నుంచి మొలక దాకా

పుప్పొడి పట్టిన పువ్వులో కీలాగ్రం కొద్ది రోజుల్లో నల్లబడుతుంది, అండాశయం వారాల తరబడి మెల్లగా లావెక్కుతుంది. కాయ పండటానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. ఆకుపచ్చ పోయి గోధుమ రంగుకు తిరిగి, కొన దగ్గర పగులు కనిపించగానే కోయాలి. సంచి అప్పటికీ ఉండాలి, ఎందుకంటే ఈ గింజలు వెంట్రుకల్లా తేలికైనవి, చిన్న గాలికి ఎగిరిపోతాయి. తెల్ల కాగితం మీద పరచి వెలుతురుకు చూస్తే, పండిన గింజ నడుమ చిన్న ఉబ్బు కనబడుతుంది, తాలు గింజ కొస నుంచి కొసకు సమంగా సన్నగా ఉంటుంది.

గింజలను దాచి ఉంచకండి, వారాల్లోనే మొలకెత్తే శక్తి తగ్గుతుంది. తడిపిన నాచు మీద పైపైన చల్లాలి, కప్పకూడదు. పారదర్శకమైన మూత డబ్బాలో, నేరుగా ఎండ తగలని వెలుతురులో, 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచితే ఒకటి రెండు నెలల్లో మొలకలు కనిపిస్తాయి. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి, తొందరపడి పారవేయకండి. మన ఉక్కలో బూజు ప్రమాదం ఎక్కువ, కాబట్టి రోజూ కొద్దిసేపు మూత తీసి గాలి ఆడనివ్వాలి, బూజు పట్టిన గింజను వెంటనే పట్టకారుతో తీసివేయాలి.

రెండు బీజదళాల తరువాత వచ్చే మొదటి ఆకుకే కూజా ఉంటుంది. ఆవగింజంత కూడా ఉండదు, అయినా మూత, అంచు, నోరు అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని భూతద్దంలో చూసినప్పుడు కలిగే సంతోషం ఈ శ్రమనంతా మరిపిస్తుంది. మొదటి ఏడు ఎదుగుదల చాలా నెమ్మది. నత్తలు, పిండినల్లి, తామర పురుగు ప్రధాన శత్రువులు. నత్తలను రాత్రి టార్చి వేసి ఏరాలి, పిండినల్లిని స్పిరిట్ తడిపిన దూదితో తుడవాలి.

రెండవ వేసవిలో మొలకలను 50 శాతం షేడ్ నెట్ కిందికి మార్చి, అక్కడి నుంచి ఏరడం మొదలుపెట్టండి. మే నెలాఖరున ఒక్కొక్క మొక్క ముందు నిలబడి, కొత్త ఆకు కొసన కూజా ఊదుకుంటోందా, తీగ ఎండిపోయిందా అని రాసుకోండి. 40 మొక్కల్లో రోహిణి కార్తెను కూజాలతో దాటినవి నాలుగైదు మిగిలినా అది మంచి ఫలితమే. మిగతావాటిని చల్లని గదులున్న స్నేహితులకు ఇచ్చేయండి, మళ్ళీ తల్లిదండ్రులుగా మాత్రం వాడకండి.

జిగురు ఆకుల డ్రోసెరా

కూజా మొక్క కోసం ఐదేళ్ళు ఆగలేనివారు డ్రోసెరాతో మొదలుపెట్టవచ్చు, అవి గింజ నుంచి ఏడాదిలోపే పూస్తాయి. కానీ పని సున్నితమైనది. వీటిలో చాలా జాతుల పువ్వులు ఎండ వచ్చాక ఉదయం కొన్ని గంటలే విచ్చుకుని, ముడుచుకునేటప్పుడు తమ పుప్పొడిని తామే కీలాగ్రానికి అంటించుకుంటాయి. కాబట్టి ఇక్కడ వరి పద్ధతే శరణ్యం. విచ్చబోయే మొగ్గను తెల్లవారగానే సూదితో విప్పి, పరాగకోశాలు పగలకముందే ఐదింటినీ తీసివేసి, పది గంటల ప్రాంతంలో తండ్రి పువ్వు పుప్పొడిని అద్దాలి.

జాతులను కలిపే ముందు క్రోమోజోముల సంఖ్య చూసుకోవాలి. రోటండిఫోలియాలో 20, ఆంగ్లికాలో 40 క్రోమోజోములు ఉంటాయి, వాటి సంకరంలో 30 రావడం వల్ల అది గింజ కట్టదు. గొడ్డుపోయిన సంకరం నిరుపయోగం కాదు. దాని ఆకును వాన నీటి గిన్నెలో తేలనిస్తే కొన్ని వారాల్లో ఆకు మీదే చిన్న మొక్కలు పుడతాయి. మన వేడికి ఉత్తర ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పెటియోలారిస్ బృందపు జాతులు బాగా నప్పుతాయి. వీటిలో ఎక్కువ భాగం తమ పుప్పొడితో తాము గింజ కట్టవు కాబట్టి కేసరాలు తీసే శ్రమ కూడా తగ్గుతుంది.

ఏరిన కూజా మొక్కకు పేరు పెట్టాలనుకుంటే ఒక నియమం గుర్తుంచుకోండి. సాగు రకపు పేరు ఒకే కాయలోని పిల్లలందరికీ కాదు, ఏరి, కొమ్మల ద్వారా పెంచి నిలిపిన మొక్కకు చెందుతుంది. కీటకాహార మొక్కల సాగు రకాల పేర్లను అంతర్జాతీయ కార్నివోరస్ ప్లాంట్ సొసైటీ నమోదు చేస్తుంది, దానికి వివరణ, ఫొటో రెండూ కావాలి. పేరు కన్నా ముందు కొమ్మలు తీయండి. శ్రావణంలో రెండు మూడు కణుపులున్న ముక్కను కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తడి నాచులో నిలిపితే రెండు నెలల్లో వేరు పడుతుంది. అలా వేరు పడిన వాటిలో ఒకదాన్ని మీ ఊరికి దూరంగా, తుఫాను అంతగా తాకని చోట ఉన్న ఎవరి ఇంటికైనా పంపి ఉంచండి.